రెండో ఏడాది ఎటు పోయింది?

(ఇంజనీరింగ్ విద్యార్థులు, ఉద్యోగులు కలిసి పెట్టుకున్న సభలో చేసిన ప్రసంగ పాఠం)



మమ్మల్ని పిలిచిన తమ్ముళ్లు కరపత్రంలో 'మెకానికల్ ఎంటెక్ - భవిష్యత్తు' అని అచ్చేశారు. భవిష్యత్తు చెప్పడానికి మేము జ్యోతిష్యులం కాదు. కనీసం ఎంటెక్ చదివినవాళ్లం కూడా కాదు. మెకానికల్‌లో బీటెక్ పూర్తి చేసి, పానా పట్టాల్సిన చేత్తో కలం పట్టినవాళ్లం. అయినా ఒప్పుకున్నాం. ఎందుకంటే ఎంటెక్ చదివినవాళ్లతోనే ఒక రూంలో పండుకున్నాం, ఒక గిన్నెలో తిన్నాం. వాళ్లు ఎక్కడ గెలిచారో ఎక్కడ మోసపోయారో, ఎక్కడ తమను తామే మోసం చేసుకున్నారో కండ్లారా చూశాం. ఇయ్యాల చెప్పేది ఆ మూడో సంగతే.

2006లో నగర శివారు కాలేజీలో చేరిన నలుగురం తార్నాకలో ఒక రూం తీసుకున్నాం. నలుగురివీ ఎవుసం ఇండ్లే. మా నాలుగో ఏడాది, అంటే 2009 డిసెంబర్ నుంచి, సగం రోజులు రోడ్డు మీద, సగం పరీక్షలు వాయిదాల్లో గడిచాయి. 2010లో పట్టా చేతికొచ్చేసరికి ఒకడు సాఫ్ట్‌వేర్‌లో పడ్డాడు, మేము పత్రికలో పడ్డాం. మిగిలిన ఇద్దరిలో ఒకడు ఊరికి పోయి కాంట్రాక్టులు చేసుకున్నాడు. నాలుగోవాడు ఎంటెక్‌లో చేరాడు. వాడి పేరు చెప్పం. 'నా సంగతి చెప్పు, నలుగురికి పనికొస్తది, పేరు మాత్రం తియ్యకు' అని వాడే అన్నాడు.

ఎందుకు చేరావురా అని అప్పుడే అడిగాం. దాచుకోకుండా చెప్పాడు. 'ఊర్లకు పోతే ఏం చేస్తున్నవ్ బిడ్డా అని అడుగుతరు. ఖాళీగున్న అని చెప్పలేను. ఎంటెక్ చేస్తున్న అంటే రెండేండ్లు ఎవ్వడు అడగడు' అన్నాడు. నవ్వకండి. ఈ హాల్లో సగం మంది లోపల ఇదే మాట ఉంటుంది. బీటెక్ అయినంక కొలువు రాకపోతే, ఆ ఖాళీని కప్పుకోవడానికి ఎంటెక్ ఒక దుప్పటి అయింది. దుప్పటి కప్పుకోవడం నేరం కాదు. కానీ రెండేండ్లు నిద్రపోతే మాత్రం లేచేసరికి చలి ఇంకా ఎక్కువైతది.

ముందు లెక్కలు మాట్లాడుకుందాం. చాలామందికి ఇవే తెలియవు. ఎంటెక్‌కు రెండు తొవ్వలున్నాయి. ఒకటి గేట్, రెండోది మన పీజీఈసెట్. గేట్ మెకానికల్ పేపర్ మూడు గంటలు, 65 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో 15 మార్కులు జనరల్ ఆప్టిట్యూడ్, సుమారు 13 గణితం, మిగతాది మన సబ్జెక్టు. స్కోరు మూడేండ్లు చెల్లుతుంది. గేట్ స్కోరుతో గుర్తింపు ఉన్న కాలేజీలో ఫుల్‌టైం చేరినవాళ్లకు కొన్నేండ్లుగా నెలకు 12,400 రూపాయల ఉపకార వేతనం ఉంది, మొత్తం 24 నెలలు. లెక్కేస్తే 2,97,600 రూపాయలు. మా కాలంలో అది 8,000. పీజీఈసెట్‌తో చేరినవాళ్లకు ఈ పైసలు రావు. అంటే ఒక్క ఏడాది కూర్చుని గేట్ మీద కష్టపడితే వచ్చేది సీటు ఒక్కటే కాదు, రెండేండ్లు ఇంటికి చెయ్యి చాపకుండా బతికే స్వేచ్ఛ. ఎవుసం ఇంటి పిల్లకు, పిల్లగానికి అది ఎంత పెద్ద సంగతో మనకు ఇంకొకరు చెప్పాల్సిన పని లేదు.

రెండో లెక్క కొలువుల గురించి. అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్ పోస్టుకు బీటెక్ చాలు. సింగరేణిలో మేనేజ్‌మెంట్ ట్రైనీకీ అంతే. పాలిటెక్నిక్ లెక్చరర్‌కు కూడా ఫస్ట్‌క్లాసు బీటెక్ సరిపోతుంది. ఎంటెక్ తప్పనిసరిగా అడిగేది ఇంజనీరింగ్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు. కాబట్టి సర్కారు కొలువు కోసమే ఎంటెక్ అనుకునే తమ్ముళ్లు ఆ రెండేండ్లు తిన్నగా పోటీ పరీక్షకే ఖర్చు పెట్టుకోవడం మంచిది. ఈ మాట అన్నందుకు కాలేజీల యజమానులు మా మీద కోపం చేసుకుంటారు. చేసుకోనీ.

మరి ఎంటెక్ దేనికి? డిజైన్, థర్మల్, ప్రొడక్షన్, టర్బో మెషినరీ, క్యాడ్-క్యామ్... ఏ పేరైనా ఉండనీ, బీటెక్‌లో 'ఇది ఇట్లా పనిచేస్తుంది' అని చదివిన దాన్ని ఎంటెక్‌లో 'నిజంగా ఇట్లానే పనిచేస్తుందా' అని నిలదీయాలి. ఆ నిలదీసే పని జరిగేది రెండో ఏడాదిలో. ఏఐసీటీఈ 2018లో ఇచ్చిన నమూనా సిలబస్ చూడండి. మొత్తం 68 క్రెడిట్లలో 26 క్రెడిట్లు థీసిస్‌వే. మూడో వంతు కంటే ఎక్కువ. మొదటి ఏడాది క్లాసులు, రెండో ఏడాది నువ్వు, నీ గైడు, నీ యంత్రం. క్లాసులు ఎవరైనా వింటారు. ఆ రెండో ఏడాదే పట్టా. అది లేకపోతే ఎంటెక్ అంటే ఇంకో నాలుగు పేపర్లు ఎక్కువ రాసిన బీటెక్.

మా రూంవాడి సంగతికి వద్దాం. వాడు చేరిన కాలేజీ ఏదో వద్దు. అప్పట్లో అట్లాంటివి వీధికొకటి ఉండేవి. ఇంజనీరింగ్ కాలేజీలో చదువు చెప్పాలంటే ఎంటెక్ ఉండాలనే నిబంధన గట్టిపడ్డంక, ఎంటెక్ సీట్లు వానాకాలం పుట్టగొడుగుల్లా లేచాయి. బీటెక్ పిల్లలకే సరిగ్గా లేథ్ మిషన్లు లేని చోట ఎంటెక్ మొదలుపెట్టారు. క్లాసుకు పోకున్నా హాజరు పడేది. ఇగ రెండో ఏడాది వచ్చింది. గైడు పేరు నోటీసు బోర్డు మీద ఉంది. ఆ సార్‌కు అప్పటికే పదిహేను మంది ఉన్నారు. 'టాపిక్ మీరే చూసుకోండి' అన్నాడు.

టాపిక్ చూసుకోవడానికి మనవాడు అమీర్‌పేట పోయాడు. అక్కడ మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ బోర్డుల నడుమ 'ప్రాజెక్టులు చేయబడును' అనే బోర్డులు కూడా ఉండేవి. ఒక చిన్న గది, నాలుగు కంప్యూటర్లు, ఒక టైటిళ్ల జాబితా. హోటల్లో మెనూ కార్డు లాగ. వాడు ఏరుకున్నది లారీ లీఫ్ స్ప్రింగ్, అదే మనం బండి పట్టీలంటాం కదా, దాని మీద అనాలిసిస్. ఉక్కు పట్టీలకు బదులు కాంపోజిట్ పదార్థం వేస్తే బరువు ఎంత తగ్గుతుందో, ఒత్తిడి ఎంత పడుతుందో కంప్యూటర్‌లో చూపించడం. పన్నెండు వేలకు బేరం కుదిరింది. అందులో నాలుగు వేలు మా దగ్గరే తీసుకున్నాడు. కాబట్టి ఆ పాపంలో మాకూ వాటా ఉంది. పదిహేను రోజుల్లో నూరు పేజీల పుస్తకం, ఎరుపు పసుపు నీలం రంగుల బొమ్మలు, బంగారు అక్షరాల అట్ట. ఊరికి తీసుకపోతే వాళ్ల నాయిన ఆ అట్టను తువ్వాలతో తుడిచి పటాల పక్కన పెట్టిండట. ఈ ముక్క చెప్పేటప్పుడు వాడి గొంతు ఇప్పటికీ పడిపోతుంది.

2011 సకల జనుల సమ్మె 42 రోజులు నడిచింది. కాలేజీలు మూతపడ్డాయి, నిజమే. 'ఉద్యమంల టైం పోయింది, అందుకే కొనుక్కున్న' అని వాడు చాలా రోజులు చెప్పుకున్నాడు. మేము కూడా తలూపాం. ఇప్పుడు నిజం మాట్లాడుకుందాం. 42 రోజులు పోయాయి. ఏడాదిలో మిగిలిన మూడు వందల పైచిలుకు రోజులు ఏమయ్యాయి? రోడ్డెక్కిన ప్రతివాడూ థీసిస్ కొనలేదు. ఉద్యమాన్ని సాకుగా పెట్టడం ఉద్యమానికే అవమానం.

పట్టా వచ్చింది. ఫస్ట్‌క్లాసు డిస్టింక్షన్. ఒక కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ ఇంటర్వ్యూకు పోయాడు. అక్కడ రిటైరైన ఒక పెద్దసారు కూర్చున్నాడు. పుస్తకం తిరగేసి, ఒక రంగుల బొమ్మ మీద వేలు పెట్టి అడిగాడట. 'ఈ పట్టీని ఎక్కడ బిగించినవ్ నాయినా? రెండు చివర్లా, నడుమనా?' అని. వాడికి తెలియలేదు. రెండో ప్రశ్న. 'మెష్ ఇంకింత చిన్నగ చేస్తే ఈ ఒత్తిడి మారిందా, నిలిచిందా?' తెలియలేదు. మూడో ప్రశ్నకు కాగితం, పెన్ను ముందుకు జరిపాడు. 'సరే, కంప్యూటర్ పక్కన పెట్టు. చేత్తో లెక్క చేసి చూపి.'

ఈ మూడు ప్రశ్నలు జర నిదానంగా అర్థం చేసుకోండి. ఫైనైట్ ఎలిమెంట్ అంటే ఒక వస్తువును వేల చిన్న ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకు లెక్క కట్టి కలపడం. అది ఎక్కడ బిగించి ఉంది, బరువు ఎక్కడ పడుతుంది అనేది మనం చెప్పాలి. తప్పు చెప్పినా సాఫ్ట్‌వేర్ చాలాసార్లు కాదనదు. తప్పు లెక్కకు కూడా అంతే అందమైన రంగుల బొమ్మ ఇస్తుంది. ముక్కలు చిన్నవి చేస్తూ పోతే జవాబు ఒక చోట స్థిరపడాలి. స్థిరపడకపోతే ఆ అంకెను నమ్మలేం. ఇగ చేతి లెక్క. ఆకు పట్టీ అంటే నడుమ బిగించిన రెండు దూలాలు. దాని ఒత్తిడి, వంగుడు లెక్క కాగితం మీద పది వరుసలు దాటదు. పట్టీ మందం రెట్టింపు చేస్తే వంగుడు ఎనిమిదో వంతుకు పడిపోతుందని సూత్రం చూడగానే తెలుస్తుంది. బీటెక్ రెండో ఏడాదిలో మేమందరం చదివినదే. కంప్యూటర్ జవాబు ఈ చేతి లెక్కకు దగ్గర్లో ఉందా లేదా అని చూడటమే ఎంటెక్ వాని మొదటి పని. మనవాడు కాగితం తెల్లగానే వదిలేసి లేచొచ్చాడు. ఆ పెద్దసారు తిట్టలేదట. పుస్తకం మూసి, అట్ట మీది దుమ్ము దులిపి, రెండు చేతులతో తిరిగి ఇచ్చాడట. తిడితే బాగుండు అన్నాడు మావాడు.

తర్వాత వాడికి వేరే కాలేజీలో కొలువు దొరికింది. కాగితం మీద ఒక జీతం, చేతికి ఇంకో జీతం. ఆరేండ్లు చెప్పాడు. చివరికి ఆ కాలేజీ ఎంటెక్ సెక్షనే ఎత్తేసింది. ఇప్పుడు జిల్లా కేంద్రంలో మోటార్ల రీవైండింగ్ సామాను దుకాణం నడుపుతున్నాడు. బాగానే బతుకుతున్నాడు. దుకాణం తక్కువ పని అని మేము అనట్లేదు. కానీ వాడి రెండో ఏడాది వాడికి తిరిగి రాలేదు.

ఇప్పుడు ఇంకొకరి సంగతి. ఆయన స్టేజీ మీదే కూర్చున్నాడు, పేరు చెప్తే లేచి పోతానని బెదిరించాడు. నీళ్ల సరఫరా పంపుహౌజులో ఇంజనీరు. నలభై దాటినంక పార్ట్‌టైం ఎంఈలో చేరాడు. సాయంత్రం ఆరు నుంచి క్లాసులు, మూడేండ్లు. పొద్దున డ్యూటీ, రాత్రి చదువు. మా అక్క, అంటే ఆయన భార్య, 'నీ కొడుకు పదో తరగతి, నువ్వు పదిహేడో తరగతి, ఇద్దరికీ ఒకటే టీ పెడుతున్న' అనేదట.

ఈయన టాపిక్ కోసం అమీర్‌పేట పోలేదు. తన పంపుహౌజులోనే దొరికింది. అప్పుడు వాళ్ల దగ్గరికి మోటారు వేగం తగ్గించే డ్రైవులు అమ్మేవాళ్లు వచ్చారు. వాళ్ల కరపత్రంలో ఒక మాట ఉంది. పంపు వేగం 20 శాతం తగ్గిస్తే కరెంటు దాదాపు సగం మిగులుతుంది అని. ఇది ఉత్తగ అన్న మాట కాదు, పుస్తకంలో ఉన్నదే. నీళ్ల ప్రవాహం వేగాన్ని బట్టి మారుతుంది, ఎత్తు వేగం వర్గాన్ని బట్టి, పవరు వేగం ఘనాన్ని బట్టి. 0.8ని మూడుసార్లు గుణిస్తే 0.512. అంటే సగం. పరీక్షలో రాస్తే పూర్తి మార్కులు.

కానీ ఈయనకు ఒక అనుమానం. పుస్తకంలో ఆ లెక్క నేల మట్టానికి గొట్టంలో నీళ్లు తిప్పే పంపుకు బాగా అతుకుతుంది. మా పంపు నీళ్లను గుట్ట మీది ట్యాంకుకు ఎక్కిస్తది కదా? ఒక ఉదాహరణ తీసుకోండి. ట్యాంకు 50 మీటర్ల ఎత్తులో ఉంది. వాల్వు మూసి పంపు తిప్పితే అది ఎక్కించగల గరిష్ఠ ఎత్తు 75 మీటర్లు. వేగం 20 శాతం తగ్గిస్తే ఆ 75 కాస్తా 48కి పడుతుంది. ట్యాంకు 50 మీటర్ల మీదుంది. అంటే సగం కరెంటు మిగలడం కాదు, ట్యాంకులో చుక్క నీళ్లు పడవు. పంపు తిరుగుతూనే ఉంటుంది, నీళ్లు గొట్టంలోనే నిలబడి వేడెక్కుతుంటాయి. ఎత్తిపోతల మీద బతికే ఈ నేలకు ఈ లెక్క ఎంత అవసరమో ఆలోచించండి.

ఆయన ఎనిమిది నెలలు కొలతలు తీశాడు. ప్రెజర్ గేజీ సరిగ్గా చూపుతుందా లేదా తేల్చుకోవడానికే ఒక నెల పట్టింది. రాత్రి షిఫ్టులో లోడు తక్కువ ఉన్నప్పుడు వాల్వు తిప్పుతూ మీటర్లు రాసుకున్నాడు. చివరికి తేలింది ఏంటంటే, వాళ్ల స్టేషన్‌లో మిగిలేది కరపత్రం చెప్పిన దాంట్లో చిన్న భాగమే. దానికంటే ఇంపెల్లర్ సరైన సైజుకు కోయించడం, గొట్టంలో పేరుకున్న తుప్పు తీయించడం లాభం. తోటి విద్యార్థులు 'అన్నా, గ్రాఫ్ బాగ రాలేదు, జర అంకెలు సర్దు, వైవాలో అడుగుతరు' అన్నారు. ఈయన సర్దలేదు. గైడు కూడా మంచివాడు దొరికాడు. 'రాని ఫలితం కూడా ఫలితమే, ఎందుకు రాలేదో రాయి' అన్నాడు. వైవాలో ప్రశ్నలు రెండు గంటలు నడిచాయి. ఎక్కువ మార్కులేం రాలేదు. కానీ వాళ్ల ఆఫీసులో డ్రైవుల ఫైలు వచ్చినప్పుడు ఈయన థీసిస్‌లోని మూడు పేజీలు జిరాక్స్ తీసి జత చేశారు.

ఆ పుస్తకం అట్టకు బంగారు అక్షరాలు లేవు. గ్రీజు మరక మాత్రం ఉంది.

సమస్య ఎక్కడ దొరుకుతుంది సార్ అని మొన్న ఒక చెల్లెలు అడిగింది. ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం గారిని తలుచుకోండి. పోచంపల్లి రకం చీరకు ఆసు పోయాలంటే తల్లి వేలసార్లు చెయ్యి ఆడించి భుజం నొప్పితో బాధపడటం చూసి, ఏండ్ల తరబడి తిప్పలు పడి 1999లో ఆసు యంత్రం తయారు చేశాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. బడి మధ్యలో మానేసినాయన. ఆయన చేసింది చూస్తే కదలికల విశ్లేషణ, దారం బిగుతు, మోటారు నియంత్రణ, అన్నీ మన ఎంటెక్ సిలబస్సే. మన ఇండ్లల్లో రైసుమిల్లు ఉంది, బోరు మోటారు ఉంది, బొగ్గు బావి ఉంది, బీడీలు చుట్టే అమ్మ మెడనొప్పి ఉంది. లీఫ్ స్ప్రింగే ఎందుకు?

కాలేజీ ఎంచుకునేటప్పుడు వెబ్‌సైటు బొమ్మలు చూసి మోసపోకండి. బస్సెక్కి పోండి. వరంగల్ ఎన్ఐటీ 1959లో మొదలైన ఆర్ఈసీ, దేశంలోని తొలి ఆర్ఈసీల్లో ఒకటి. కందిలో ఐఐటీ ఉంది. ఉస్మానియా, కూకట్‌పల్లి జేఎన్‌టీయూ ఉన్నాయి. బాలానగర్‌లో టూల్ డిజైన్ కోసం 1968లో పెట్టిన సీఐటీడీ ఉంది, దాని గురించి మన పిల్లలకు తెలిసింది తక్కువ. ఎక్కడికి పోయినా ల్యాబులోకి అడుగు పెట్టండి. యంత్రం మీద దుమ్ముందా, నూనె ఉందా చూడండి. లాగ్ బుక్కులో చివరి తేదీ ఏదో చూడండి. లైబ్రరీలో పోయినేడు థీసిస్‌లు తీసి ఐదు టైటిళ్లు చదవండి. ఐదింట్లో మూడు ఒకటే అయితే బయటికొచ్చి బస్సెక్కండి. సీనియర్లను ఒకటే అడగండి: 'అన్నా, మీ గైడు వారంలో ఎన్నిసార్లు కలుస్తడు?'

ఇంగ్లీషు రాదని భయపడేవాళ్లకు ఒక మాట. తెలుగు మీడియం నుంచి వచ్చి వైవాలో నోరు పెగలక ఏడ్చినవాళ్లు మాకు తెలుసు. 1918లో మొదలైన ఉస్మానియా యూనివర్సిటీలో చదువులు నడిచింది ఉర్దూలో. ఇంజనీరింగ్ కూడా మన భాషల్లో చెప్పొచ్చని ఈ నేల ఎప్పుడో చేసి చూపింది. లెక్క తెలిసినవానికి నాలుగు ఇంగ్లీషు ముక్కలు ఆరు నెలల్లో వస్తాయి. లెక్క తెలియనివానికి ఎంత ఇంగ్లీషు వచ్చినా, పెద్దసారు కాగితం జరిపినప్పుడు పనికిరాదు.

'ఆడపిల్లకు మెకానికల్ ఎందుకు' అనే మాట ఇంకా వినపడుతూనే ఉంది. దానికి జవాబు చెప్పి సమయం వృథా చేయం.

అమెరికా ఎంఎస్ గురించి చీటీ వచ్చింది. పోయేవాళ్లు పోండి. కానీ మెకానికల్ అని పోయి, అప్పు తీరాలని అక్కడ మళ్లీ సాఫ్ట్‌వేర్ కోర్సు నేర్చుకునేవాళ్లు మన ఊర్లల్లో ఎంతమందో మీకే ఎరుక. ఇక్కడ పనే లేదనుకోకండి. 2022 నవంబర్ 18న నింగికెగిరిన విక్రమ్-ఎస్ రాకెట్‌ను తయారు చేసింది హైదరాబాద్ కంపెనీయే. ఆదిభట్లలో అపాచీ హెలికాప్టర్ల బాడీలు తయారవుతున్నాయి. ఆ గేటు లోపల అడిగేది కూడా ఆ పెద్దసారు అడిగిన ప్రశ్నలే. ఎక్కడ బిగించినవ్, లెక్క నిలిచిందా, చేత్తో చేసి చూపి.

మా రూంవాడు నిన్న రాత్రి ఫోన్ చేశాడు. సభకు రమ్మంటే రానన్నాడు. దుకాణం మూసినంక రోజూ ఒక గంట ఆ లీఫ్ స్ప్రింగ్ లెక్క చేస్తున్నాడట. పదిహేనేండ్ల కింది తన పుస్తకం ముందు పెట్టుకుని. అందులో ఒక అంకె తప్పని తేలిందట. 83వ పేజీలో. దశాంశం బిందువు తప్పు చోట పడింది. అప్పటి నుంచి ఎవ్వడూ, గైడు గానీ పరీక్షించినవాళ్లు గానీ, అది చూడలేదు. నవ్వుకుంటూ చెప్పాడు, తర్వాత కాసేపు ఏం మాట్లాడలేదు.

హాలు ఎనిమిదింటికి ఖాళీ చేయాలని వాచ్‌మన్ రెండుసార్లు వచ్చి పోయాడు. పంపుహౌజు అన్న తన థీసిస్ సంచిలో తెచ్చాడు, ఒకటే కాపీ, జర జాగ్రత్తగా తిప్పండి. ప్రశ్నలు ఆయనను అడగండి. రేపు పొద్దున ఆరింటికి ఆయనకు డ్యూటీ.